గ్రాండ్ నేషనల్‌కు క్లచ్ పెడల్: గేర్‌బాక్స్ మారిస్తే టర్బోకు ఏమవుతుంది?

క్లుప్తంగా: 1986, 87 బ్యూయిక్ గ్రాండ్ నేషనల్ ఫ్యాక్టరీ నుంచి ఆటోమేటిక్‌తోనే వచ్చింది. ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ నూనెతో కలిపే అందులోని టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్‌కే కాదు, ఎగ్జాస్ట్ బలంతో తిరుగుతూ ఇంజన్‌లోకి అదనపు గాలిని నెట్టే టర్బోకు కూడా పని చేసిపెడుతుంది. దాన్ని తీసేసి క్లచ్ పెట్టినప్పుడు ఆ పనిని వేరే దారిలో చేయించుకోవాలి. టర్బో సైజు, గేర్ల నిష్పత్తులు, ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు, నడిపేవారి అలవాట్లు అన్నీ ఇందులోకి వస్తాయి. బాక్స్ బిగించడం కన్నా ఈ లెక్క కుదర్చడమే కష్టం.

అమెరికాలో కొత్త కార్లలో క్లచ్ పెడల్ కనబడటం అరుదైపోయింది. మన దగ్గర డ్రైవింగ్ నేర్చుకోవడం అంటే హాఫ్ క్లచ్ నేర్చుకోవడమే. అక్కడ చాలామంది క్లచ్ తొక్కకుండానే లైసెన్స్ తెచ్చుకుంటారు. ఆ వెలితి వల్లే కాబోలు, పాత కార్లను ప్రేమించేవాళ్లలో ఆటోమేటిక్‌ను దించేసి మాన్యువల్ ఎక్కించుకోవాలనే కోరిక బలంగా ఉంటుంది. 1960ల నాటి మజిల్ కార్లలో, అంటే ఎనిమిది సిలిండర్ల పెద్ద వీ8 ఇంజన్లున్న అమెరికన్ కార్లలో, ఇది బాగా తెలిసిన పని. వాటిలో చాలా మోడళ్లకు ఫ్యాక్టరీయే రెండు రకాల గేర్‌బాక్సులూ ఇచ్చింది. విడిభాగాలు దొరుకుతాయి, ఫలితం ఎలా ఉంటుందో ముందే తెలుసు.

టర్బో ఉన్న పాత మజిల్ కారు దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తప్పుతుంది. ఖరీదైన ఆరు గేర్ల బాక్స్, గట్టి క్లచ్ పెట్టించాక కూడా సిగ్నల్ దగ్గర కారు మునుపటంత చురుగ్గా కదలదు. గేరు మార్చిన ప్రతిసారీ ఒక్క క్షణం నీరసపడుతుంది. బిగింపులో తప్పేమీ కనబడదు. కారణం తెలియాలంటే ఈ కోవలో అందరికీ ముందుగా గుర్తొచ్చే గ్రాండ్ నేషనల్‌నే ఉదాహరణగా తీసుకోవడం మేలు.

ఆరు సిలిండర్లతో కార్వెట్‌ను మించిన కారు

అమెరికాలోని నాస్కార్ రేసుల్లో గ్రాండ్ నేషనల్ అనే సిరీస్ పేరు మీద, బ్యూయిక్ రీగల్ కారుకు ప్రత్యేక రూపంగా ఈ కారు 1982లో మొదలైంది. 1984లో పూర్తి నల్ల రంగుతో, 3.8 లీటర్ల టర్బో వీ6తో వచ్చినప్పుడు దాని శక్తి 200 హార్స్‌పవర్. 1986లో ఇంటర్‌కూలర్ చేరింది. టర్బో నుంచి వేడెక్కి వచ్చే గాలిని ఇంజన్‌లోకి వెళ్లేముందు చల్లబరిచే భాగం అది. దాంతో శక్తి 235కి, 1987లో 245కి పెరిగింది. అదే ఏడాది బ్యూయిక్ మాతృసంస్థ జనరల్ మోటార్స్ వారి సొంత స్పోర్ట్స్ కారు కార్వెట్ వీ8 శక్తి 240 మాత్రమే.

మన చర్చకు హార్స్‌పవర్ కన్నా టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, ముఖ్యం. 1987 కారు టార్క్ 355 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 480 న్యూటన్ మీటర్లు. అది 2000 ఆర్‌పీఎమ్ దగ్గరే అందుతుంది. గరిష్ఠ శక్తి 4400 దగ్గర వచ్చేస్తుంది. అంటే ఇది కింద నుంచే బలంగా తోసి, తొందరగా అలసిపోయే ఇంజన్. ఈ స్వభావం గేర్ల ఎంపికలో మళ్లీ మళ్లీ అడ్డొస్తుంది. చివరి ఏడాది 547 మాత్రమే తయారైన, గ్రాండ్ నేషనల్ ప్రత్యేక రూపమైన జీఎన్ఎక్స్‌లో శక్తిని 276 హార్స్‌పవర్‌గా చెప్పారు. గేర్‌బాక్స్ మాత్రం దానిలోనూ 200-4ఆర్ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్కే.

అప్పుడే మాన్యువల్ ఎందుకు ఇవ్వలేదు

బ్యూయిక్ అంటే పెద్దవాళ్ల కారు, వాళ్లకు క్లచ్ అక్కర్లేదు అనే మాట తరచూ వినిపిస్తుంది. అందులో కొంత నిజం ఉండవచ్చు. కానీ అసలు అడ్డంకి సామగ్రి. ఆ రోజుల్లో జనరల్ మోటార్స్ వాడుతున్న ఐదు గేర్ల మాన్యువల్ బాక్స్ టీ5. తేలికైన, చక్కటి బాక్స్. అయితే 300 ఫుట్-పౌండ్లు దాటిన టార్క్ దాని గేర్ల పళ్లకు ప్రమాదం. అందుకే జనరల్ మోటార్స్ వారి మరో కారు 1987 షెవర్లే కమారోలో 5.7 లీటర్ల వీ8 కావాలంటే ఆటోమేటిక్ తీసుకోవాల్సిందే. మాన్యువల్ కావాలంటే చిన్నదైన 5 లీటర్ల ఇంజన్‌తో సరిపెట్టుకోవాలి. కమారో లాంటి కుర్రకారు బండికే ఆ పరిస్థితి ఉంటే, అంతకన్నా ఎక్కువ టార్క్ ఉన్న బ్యూయిక్‌కు మాన్యువల్ ఇచ్చే వీలు ఎక్కడుంది?

1989లో ఇదే 3.8 టర్బో ఇంజన్‌ను జనరల్ మోటార్స్‌దే అయిన పాంటియాక్ ట్రాన్స్ యామ్ ఇరవయ్యో వార్షికోత్సవ మోడల్‌లో పెట్టి 1,555 కార్లు చేశారు. ట్రాన్స్ యామ్ కుటుంబంలో మాన్యువల్ గేర్లు మామూలే. అయినా ఈ టర్బో కార్లన్నీ ఆటోమేటిక్‌తోనే వచ్చాయి. అంతకుముందు 1980లో 4.9 లీటర్ల టర్బో వీ8తో వచ్చిన ట్రాన్స్ యామ్‌దీ అదే కథ.

ఎక్కువ టార్క్ మోయగల ఆరు గేర్ల జెడ్ఎఫ్ బాక్స్ కార్వెట్‌లోకి వచ్చింది 1989లో. ఇవాళ ఈ మార్పిళ్లలో ఎక్కువగా వినిపించే టీ56 బాక్స్ 1992లో డాడ్జ్ వైపర్‌తో మొదలై, 1993లో కమారోకు చేరింది. వెనక చక్రాలతో నడిచే రీగల్ 1987తోనే ఆగిపోయింది. సరిపోయే బాక్స్ వచ్చేసరికి కారే లేదు.

ఫోర్డ్‌లో ఇందుకు పూర్తిగా తలకిందులైన కథ నడిచింది. 1987 థండర్‌బర్డ్ టర్బో కూపేలోని 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజన్ మాన్యువల్‌తో 190 హార్స్‌పవర్, ఆటోమేటిక్‌తో 150 మాత్రమే ఇచ్చింది. ఆటోమేటిక్ కొన్నవారికి బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, తగ్గించి ఇచ్చారు. కాబట్టి టర్బోకూ క్లచ్‌కూ పుట్టుకతో వైరం ఏమీ లేదు. దేనికోసం ఇంజన్‌ను సిద్ధం చేశారన్నదే ప్రశ్న. ఫోర్డ్ ఇంజన్ టార్క్ టీ5 మోయగలిగిన హద్దులో ఉంది, దాని చుట్టూ మిగతావి కుదిర్చారు. బ్యూయిక్‌లో ఇంజన్, టర్బో, కన్వర్టర్ మూడింటినీ ఒకే జట్టుగా కుదిర్చారు.

కన్వర్టర్ టర్బోకు చేసే ఉపకారం

టార్క్ కన్వర్టర్‌ను అర్థం చేసుకోవడానికి పాత ఉపమానమే సరిపోతుంది. రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే, దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది. రెండోదాన్ని చేత్తో ఆపినా మొదటిది ఆగిపోదు. కన్వర్టర్‌లో గాలి బదులు నూనె ఉంటుంది. ఒక వైపు ఇంజన్, రెండో వైపు గేర్‌బాక్స్. బ్రేక్ నొక్కి కారును ఆపి ఉంచినా ఇంజన్ ఒక హద్దు వరకు నూనెను చిలుకుతూ పైకి వెళ్లగలదు. ఆ హద్దునే స్టాల్ స్పీడ్ అంటారు.

టర్బోను తిప్పేది ఎగ్జాస్ట్ వాయువు. అది దండిగా రావాలంటే ఇంజన్ దండిగా గాలి, పెట్రోలు తీసుకుని కష్టపడాలి. న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎమ్ ముల్లు పైకి లేస్తుంది కానీ బూస్ట్ ముల్లు కదలదు. మోసే బరువు లేనప్పుడు, ఇంజన్‌కు గాలిని వదిలే కవాటమైన థ్రాటిల్ కొంచెం తెరిస్తేనే ఇంజన్ తిరిగేస్తుంది, ఎగ్జాస్ట్ పలచగా వస్తుంది. కన్వర్టర్ ఉంటే అలా కాదు. ఎడమ కాలు బ్రేక్ మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద పెడితే, కారు కదలకుండానే ఇంజన్ నూనె మీద బరువు మోస్తుంది. ఎగ్జాస్ట్ చిక్కబడుతుంది, టర్బో నిద్ర లేస్తుంది. బ్రేక్ వదిలేసరికే బూస్ట్ సిద్ధంగా ఉంటుంది. టర్బో రీగల్ కార్లకు బ్యూయిక్ డీ5 అనే కోడ్ ఉన్న కన్వర్టర్‌ను ఇచ్చింది. మామూలు రీగల్ కన్వర్టర్ కన్నా దాని స్టాల్ స్పీడ్ ఎక్కువ. టర్బో కోసం కావాలని చేసిన ఎంపిక అది.

ఇంకో ఉపకారం టార్క్‌ను పెంచడం. కారు కదిలే తొలి క్షణాల్లో కన్వర్టర్ ఇంజన్ టార్క్‌ను ఇంచుమించు రెట్టింపు చేసి పంపుతుంది. 200-4ఆర్ మొదటి గేరు నిష్పత్తి 2.74, వెనక యాక్సిల్ 3.42. రెండూ గుణిస్తే దాదాపు 9.4. కన్వర్టర్ చలవతో అది కదిలే క్షణంలో 18 దాకా ఉన్నట్టు పనిచేస్తుంది. టీ56 మొదటి గేరు 2.66 అయితే అదే యాక్సిల్‌తో 9.1 వస్తుంది, అంతే. బలమైన గేర్‌బాక్స్ పెట్టినా కారు డల్‌గా లేవడానికి మొదటి కారణం ఇదే.

హాఫ్ క్లచ్‌తో ఆ లోటు పూడ్చవచ్చు కదా అనిపిస్తుంది. కొంతవరకు పూడ్చవచ్చు. 3000 ఆర్‌పీఎమ్ దగ్గర క్లచ్‌ను జార్చితే ఇంజన్ మీద బరువు పడుతుంది, బూస్ట్ మొదలవుతుంది. కానీ క్లచ్ టార్క్‌ను పెంచదు, ఉన్నదాన్నే పంపుతుంది. జారిన శక్తి అంతా పొడి క్లచ్ ప్లేట్ మీద వేడిగా మారుతుంది. కన్వర్టర్‌లో ఆ వేడిని నూనె మోసుకెళ్లి కూలర్‌లో వదిలేస్తుంది. క్లచ్ ప్లేట్‌కు ఆ సదుపాయం లేదు, కాలిన వాసనే మిగులుతుంది.

డీజిల్ స్విఫ్ట్ నడిపినవారికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 1.3 లీటర్ల ఆ ఇంజన్ 2000 ఆర్‌పీఎమ్ దాటేవరకు చప్పగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా లాగుతుంది. స్పీడ్ బ్రేకర్ దాటాక రెండో గేరులో ఎదురయ్యే ఆ లాగ్‌నే గ్రాండ్ నేషనల్‌లో కన్వర్టర్ ఇన్నాళ్లూ కప్పిపుచ్చింది.

గేరు మారే అర క్షణం

ఆటోమేటిక్ గేరు మార్చేటప్పుడు నడిపేవారు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయరు. థ్రాటిల్ తెరిచే ఉంటుంది, ఎగ్జాస్ట్ ఆగదు, టర్బో వేగం పెద్దగా పడిపోదు. మాన్యువల్‌లో కాలు ఎత్తాలి. ఎత్తగానే థ్రాటిల్ మూసుకుంటుంది. టర్బో అప్పటికే ఊదిన గాలికి వెళ్లే దారి ఉండదు, అది వెనక్కి తిరిగి కంప్రెసర్ రెక్కలను కొడుతుంది. రెక్కలు నెమ్మదిస్తాయి, బేరింగుల మీద ఒత్తిడి పడుతుంది. మళ్లీ కాలు మోపేసరికి బూస్ట్‌ను మొదటి నుంచి కూడబెట్టుకోవాలి. అందుకే మాన్యువల్ టర్బో కార్లలో ఆ గాలిని పక్కకు వదిలే బైపాస్ వాల్వ్ కీలకం. ఈ మార్పిడి చేయించేవారి ఖర్చుల పట్టికలో అది చివరన కాకుండా మొదట్లోనే ఉండాలి.

మాన్యువల్‌కు నిజమైన లాభం కూడా ఇక్కడే ఉంది. 200-4ఆర్‌లో మొదటి గేరు 2.74 నుంచి రెండోది 1.57కి దూకుతుంది. 5000 దగ్గర మారిస్తే ఇంజన్ సుమారు 2870కి పడిపోతుంది. టీ56లో 2.66 నుంచి 1.78కి, అంటే 3350 దగ్గరే ఆగుతుంది. రెండు నుంచి మూడుకు ఆటోమేటిక్‌లో 3190, టీ56లో 3650. గేర్లు దగ్గరదగ్గరగా ఉంటే టర్బో తన బలమైన ప్రాంతం వదిలి కిందకు జారదు. ఆటోమేటిక్‌లో ఈ పెద్ద దూకుళ్లను కన్వర్టర్ జారుడు కొంత సర్దుతుంది కాబట్టి ఈ అంకెలను యథాతథంగా పోల్చకూడదు. అయినా రోడ్డు మీద వంపులు తిరుగుతూ నడిపేవారికి గేర్ల మధ్య ఈ దగ్గరితనం హాయిగా ఉంటుంది.

మొదటి గేరు బలహీనత పోగొట్టడానికి యాక్సిల్‌ను 3.90 లాంటి పొట్టి నిష్పత్తికి మార్చమని సలహా వస్తుంది. వీ8లకు అది మంచి సలహాయే. ఈ ఇంజన్‌కు అంతగా కలిసిరాదు. ఫ్యాక్టరీ కొలత 215/65 ఆర్15 టైరుతో, 3.90 యాక్సిల్‌తో మొదటి గేరు 5000 ఆర్‌పీఎమ్ దగ్గర గంటకు 60 కిలోమీటర్లకే అయిపోతుంది. టర్బో పూర్తిగా లేచేలోపే గేరు మార్చాల్సి వస్తుంది. టర్బోకు బరువు కావాలి, కాస్త సమయం కావాలి. అందుకని 3.42ను అలాగే ఉంచడమో, 3.73 దాటకపోవడమో తెలివైన పని.

పై చివరన ఇంకో ఉచ్చు ఉంది. టీ56 ఆరో గేరు 0.50. 3.42 యాక్సిల్‌తో గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఇంజన్ 1400 ఆర్‌పీఎమ్ కూడా తిరగదు. ఆటోమేటిక్ నాలుగో గేరులో అదే వేగానికి సుమారు 1850. హైవే మీద పెట్రోలు ఆదా బాగానే ఉంటుంది. అదే గేరులో లారీని దాటాలని కాలు బలంగా మోపితేనే చిక్కు. తక్కువ ఆర్‌పీఎమ్‌లో, బరువు మీద, నెమ్మదిగా పెరిగే బూస్ట్ నాకింగ్‌కు అనువైన పరిస్థితి. సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలి, హెడ్ గాస్కెట్‌ను, పిస్టన్‌ను కొడుతుంది. కారులోని నాక్ సెన్సర్ ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి జరిపి కొంత కాపాడుతుంది, కానీ దాని శక్తికీ హద్దుంది. ఆటోమేటిక్ అయితే తానే కింది గేరుకు దిగేది. ఇప్పుడు ఆ బాధ్యత నడిపేవారి చేతిలో ఉంది. ఐదు గేర్ల టీకేఓ లాంటి బాక్స్ ఈ కారుకు ఎక్కువ నప్పుతుందని చెప్పడానికి ఇదొక బలమైన కారణం. టీకేఓ 600 మోడల్ 600 ఫుట్-పౌండ్ల దాకా మోస్తుంది, దాని 0.64 ఐదో గేరు ఆటోమేటిక్ నాలుగో గేరుకు దగ్గరగానే ఉంటుంది.

బిగింపు పని

బ్యూయిక్ వీ6 వెనక బోల్టుల అమరిక షెవర్లే ఇంజన్లది కాదు. బ్యూయిక్, ఓల్డ్స్‌మొబైల్, పాంటియాక్ పంచుకున్న వేరే అమరిక. అందువల్ల కమారో నుంచి తీసిన టీ56 నేరుగా కూర్చోదు, ఈ అమరికకు చేసిన బెల్ హౌసింగో (ఇంజన్‌కు బిగించే, క్లచ్‌ను కప్పే తొడుగు), మధ్యలో అడాప్టరో కావాలి. దాన్ని బిగించాక క్రాంక్‌షాఫ్ట్ మధ్య రేఖకూ హౌసింగ్ రంధ్రం మధ్య రేఖకూ తేడా డయల్ గేజ్‌తో కొలవాలి. కొలతలో ముల్లు 0.005 అంగుళం కన్నా ఎక్కువ ఊగకూడదు. ఈ కొలత వదిలేసినవారికి తర్వాత గేర్లు పడకపోవడం, ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ పోవడం తప్పదు. ఫ్లైవీల్ కూడా ఆ ఇంజన్ బ్యాలెన్స్‌కు సరిపోయేదే కావాలి. క్రాంక్‌షాఫ్ట్ చివర పైలట్ బేరింగ్‌కు తగిన రంధ్రం ఉందో లేదో బాక్స్ కొనకముందే చూసుకోవాలి.

పెడళ్లకు మాత్రం సులువైన దారి ఉంది. ఇదే కుటుంబానికి చెందిన షెవర్లే మాలిబూ 1970ల చివర్లో మాన్యువల్‌తో కూడా వచ్చింది, దాని పెడళ్ల అమరిక పాత కార్ల యార్డుల్లో వెతుకుతారు. మిగతావి ఓపికతో అయ్యే పనులు. ప్రొపెల్లర్ షాఫ్ట్ కొత్త పొడవుకు చేయించాలి, గేర్‌బాక్స్‌ను కింద నుంచి మోసే క్రాస్‌మెంబర్ జరపాలి, గేర్ రాడ్డుకు కన్సోల్ కోయాలి, రివర్స్ లైటుకూ స్టార్టర్‌కూ స్విచ్‌లు మళ్లీ కలపాలి. ఇంజన్ కంప్యూటర్ పార్క్-న్యూట్రల్ స్విచ్‌ను చూసి ఐడిల్ సర్దుకుంటుంది, కన్వర్టర్ జారకుండా బిగించే లాకప్‌ను కూడా అదే నడుపుతుంది. దానికి కారు మాన్యువల్ అయిందని చెప్పే కొత్త చిప్ పెట్టకపోతే సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోవడం లాంటి చిన్న చికాకులు వదలవు.

ఎక్కువమంది పట్టించుకోనిది థ్రస్ట్ బేరింగ్. క్లచ్ తొక్కినప్పుడల్లా ప్రెజర్ ప్లేట్ స్ప్రింగుల బలం క్రాంక్‌షాఫ్ట్‌ను ముందుకు నెడుతుంది. ఆ తోపును ఆపేది ఈ ఒక్క బేరింగే. ఈ టర్బో వీ6లలో థ్రస్ట్ బేరింగ్ అరుగుదల ఆటోమేటిక్ కార్లలోనే తెలిసిన బలహీనత. ఎక్కువ టార్క్ ఆపాలని బరువైన ప్రెజర్ ప్లేట్ పెడితే దాని మీద భారం ఇంకా పెరుగుతుంది. అందుకే తక్కువ స్ప్రింగు బలంతో ఎక్కువ టార్క్ పట్టగల రెండు ప్లేట్ల క్లచ్ ఇక్కడ డబ్బుకు తగ్గ ఎంపిక. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి ఉంచకుండా న్యూట్రల్ చేసుకోవడం పైసా ఖర్చు లేని రక్షణ.

వెనక భాగం సంగతి కూడా ఇలాంటిదే. కన్వర్టర్ నూనె ఒక మెత్తటి దిండులా దెబ్బను మింగేది. క్లచ్‌ను ఒక్కసారిగా వదిలితే ఆ దెబ్బంతా యూనివర్సల్ జాయింట్ల మీద, 8.5 అంగుళాల వెనక యాక్సిల్ మీద పడుతుంది.

కన్వర్టర్ లేని లోటు తీర్చే దారులు

ముందుగా చూడాల్సింది టర్బో. ఆటోమేటిక్‌తో డ్రాగ్ రేసుల కోసం పెట్టిన పెద్ద టర్బోను మాన్యువల్‌తో కొనసాగిస్తే లాగ్ రెట్టింపైనట్టు అనిపిస్తుంది. బాల్ బేరింగ్ ఉన్న, త్వరగా తిరిగే చిన్న టర్బో పై చివరన కొన్ని హార్స్‌పవర్ తగ్గించినా రోడ్డు మీద కారుకు జీవం తెస్తుంది.

తర్వాతిది ఎలక్ట్రానిక్ సాయం. కారు నిలబడి ఉండగా ఇంజన్‌ను ఒక ఆర్‌పీఎమ్ దగ్గర ఆపి, ఇగ్నిషన్‌ను ఆలస్యం చేసే టూ-స్టెప్ పద్ధతి ఒకటి ఉంది. మంట సిలిండర్‌లో పూర్తవకుండా ఎగ్జాస్ట్‌లోకి సాగి టర్బోను తిప్పుతుంది. ఇది బాగానే పనిచేస్తుంది, కానీ ఎగ్జాస్ట్ వాల్వులను, టర్బైన్‌ను విపరీతంగా వేడెక్కిస్తుంది. ఇది రేసు రోజుకు సరే, రోజువారీ సిగ్నళ్లకు కాదు. గేరును బట్టి బూస్ట్ మార్చే కంట్రోలర్ ఇంతకన్నా ఉపయోగం. కింది గేర్లలో టైర్లు జారకుండా, పై గేర్లలో తక్కువ ఆర్‌పీఎమ్ దగ్గర నాకింగ్ రాకుండా చూస్తుంది.

ఎన్ని చేసినా క్వార్టర్ మైలు పరుగులో మంచి కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌ను అదే ఇంజన్‌తో మాన్యువల్ ఓడించడం చాలా కష్టం. సమయం తగ్గించుకోవడమే లక్ష్యమైతే ఈ మార్పిడి డబ్బు దండగ. బలపరిచిన 200-4ఆర్, సరైన స్టాల్ ఉన్న కన్వర్టర్ అంతకన్నా మంచి ఫలితం ఇస్తాయి. కారుతో చేతులూ కాళ్లూ కలిపి నడపాలన్న ఇష్టమే కారణమైతే, పై లెక్కలన్నీ ముందే వేసుకున్నవారికి అది దక్కుతుంది.

ఏ కారును కోయాలి

547 మాత్రమే ఉన్న జీఎన్ఎక్స్‌ను కోయడానికి ఏ కారణమూ చాలదు. అసలు స్థితిలో మిగిలిన తక్కువ కిలోమీటర్ల గ్రాండ్ నేషనల్ కూడా అంతే, దాని విలువ మార్పులేని తనంలోనే ఉంది. అప్పటికే మార్పులు జరిగిన కారో, అదే టర్బో ఇంజన్‌తో వచ్చిన మామూలు రంగుల రీగల్ టీ మోడలో ఈ పనికి తగినది. అప్పుడు కూడా ఫ్లోర్‌లో కోత వీలైనంత తక్కువగా ఉండాలి, క్రాస్‌మెంబర్ వెల్డింగ్ లేకుండా బోల్టులతో బిగించాలి. దించిన 200-4ఆర్ మీద బీఆర్ఎఫ్ అనే కోడ్ ఉన్న ట్యాగ్ ఉంటే అది టర్బో బ్యూయిక్‌ల కోసమే చేసిన బాక్స్. దాన్ని పాత ఇనుముకు వేయకుండా, నూనె దారులు మూసి, డీ5 కన్వర్టర్‌తో సహా పొడి చోట దాచాలి. రేపు ఈ కారు కొనేవారు మొదట అడిగేది ఆ బాక్స్ ఎక్కడుందనే.